మామగారి చెవికి అందే చప్పుడు

ఆ పొద్దున ఆ ఇంట్లో గొడవ ఒక మూత దగ్గర మొదలైంది.

భోజనం డబ్బాలు సర్దేది ఆవిడ. మూతలు పెట్టేది మాత్రం, సాయం చేస్తున్నాననే పేరుతో, భర్త. గుండ్రటి స్టీలు డబ్బాకి దాని పక్క డబ్బా మూత తెచ్చి, అరచేత్తో గట్టిగా చరిచి కూర్చోబెట్టేశాడు. ఇక అది ఈ జన్మలో ఊడిరాదు.

“అది దాని మూత కాదండీ.”

“పట్టిందిగా?”

“పట్టలేదు, ఇరుక్కుంది. మధ్యాహ్నం ఆకలేసినప్పుడు ఆఫీసంతా స్క్రూడ్రైవరు కోసం తిరుగుతారు, అప్పుడు తెలుస్తుంది.”

“మూతకి కూడా ఇంత ఉపన్యాసమా? మహా అయితే డబ్బాకి సొట్ట పడుతుంది. నువ్వు మా నాన్నకే పెట్టావు సొట్ట.”

 గుమ్మంలో నిలబడి జడ అల్లుకుంటున్న కూతురు చేతులు ఆగిపోయాయి.

“అనేశారా?” అంది ఆవిడ, డబ్బాని తన వైపుకి తిప్పుకుంటూ. “వారం నుంచీ నాలిక చివర పెట్టుకుని తిరుగుతున్నారు. ఇప్పటికి కడుపు చల్లబడిందా?”

భర్త మొహం ఎర్రబడింది, కానీ వెనక్కి తగ్గలేదు. “అక్కయ్యా అదే అంటోంది. ఆదివారం భోజనానికి వస్తానంది. అందరం కూర్చుని తేల్చేద్దాం. నువ్వు బండి అమ్మెయ్యడమా, నాన్న నడక మాన్పించడమా. ఆ రెండూ ఒక్క సందులో కుదరవు.”

పక్కగదిలో మామగారు కుర్చీలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఇంత రభసలో ఒక్క ముక్కా ఆయన చెవిన పడలేదు. పడకపోవడమే కదా అసలు సమస్య.

చుట్టుపక్కల అందరూ ఆవిడని కర్టెన్లావిడ అంటారు. డిగ్రీ చదివిన మనిషి. పెళ్ళయ్యాక ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని కర్టెన్లు కుట్టడం మొదలుపెట్టింది. కుట్టడం ఇంట్లో అయినా కొలతలు తీసుకోవడానికి, వేలాడదీయడానికి ఇంటింటికీ తిరగాలి. ఉద్యోగాలు చేసుకునే వాళ్ళు సాయంత్రాలే ఇంట్లో దొరుకుతారు. అందుకని నలభై దాటాక బండి నేర్చుకుని, ఏరికోరి చిన్న క్రూజరు బైకు కొనుక్కుంది. సీటు కిందికి ఉంటుంది, పొట్టి మనిషైనా రెండు కాళ్ళూ నేలకి ఆనుతాయి, వెనక గుడ్డల మూట కట్టినా తూలదు. చూడ్డానికి రాజాలా ఉంటుంది బండి. గొంతు మాత్రం ఈల వేసినట్టు సన్నగా, కీచుగా ఉంటుంది. “అమ్మ బండి స్టార్టు చేస్తే దోమ వచ్చిందనుకుని తలుపులేసుకుంటున్నారు,” అని కూతురు ఏడిపించేది.

మామగారు నేత మిల్లులో మగ్గాల మధ్య వయసంతా గడిపారు. ఆ మగ్గాలు ఆయన చెవుల్ని కొంచెం కొంచెంగా తినేశాయి. చెవుల డాక్టరు పరీక్ష చేసి చెప్పిన మాట ఆవిడకి బాగా గుర్తు. “సన్నటి చప్పుళ్ళు ఈయనకి లేనట్టే అమ్మా. బొంగురు చప్పుళ్ళు ఇంకా బాగానే వింటారు.” చెవి మిషను కూడా ఇచ్చారు. ఇంట్లో పనికొస్తుంది గానీ, వీధిలోకెళ్తే గాలంతా అందులో దూరి హోరెత్తిపోతుందని ఆయన దాన్ని సొరుగులో పడేస్తారు.

ఆయనకున్న సరదా ఒక్కటే. సాయంత్రం సందు మొదటిదాకా నడిచి, వాచీలు బాగుచేసే కొట్టు ముందు బెంచీ మీద ఇద్దరు స్నేహితులతో కూర్చుని రావడం. సందు మెయిన్ రోడ్డు దగ్గర మొదలై, వాలుగా కిందికి దిగి, వీళ్ళింటి దగ్గర ఆగిపోతుంది. ఇరుకు సందు. లోపలికి వచ్చే మోటారు బండి ఈవిడదొక్కటే. మిగతావాళ్ళు బళ్ళు పైనే పెట్టుకుంటారు.

ఇంతకీ జరిగిందేమిటంటే, కిందటి వారం ఆయన బెంచీ దగ్గర్నుంచి తిరిగి వస్తూ సందు మధ్యలో నడుస్తున్నారు. వెనక ఆవిడ వచ్చింది. హారను కొట్టింది. ఆయన పక్కకి జరుగుతారనుకుంది. జరగలేదు. బ్రేకు వేసేలోపు హ్యాండిలు ఆయన మోచేతికి తగిలింది. ఆయన నేలమీద కూలబడ్డారు. అరచెయ్యి గీసుకుపోయింది తప్ప ఎముకలకేం కాలేదు. “నేనే చూసుకోలేదమ్మాయ్,” అని ఆయనే ఆవిడకి ధైర్యం చెప్పారు. ఆ మాటకే ఆవిడకి ఏడుపొచ్చింది.

బండి పోతే ఆవిడ పని సగం పోతుంది. నడక పోతే ఆయనకి మిగిలేది కుర్చీ, కిటికీ. ఈ రెంటిలో ఒకటి కోరుకోమనడం న్యాయం కాదని ఆవిడకి గట్టిగా అనిపించింది. కానీ అనిపించడంతో ఆదివారం ఆగదుగా.

డబ్బా పుచ్చుకుని భర్త ఆఫీసుకి వెళ్ళాక, మామగారికి టీ ఇవ్వడానికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే పైన మెయిన్ రోడ్డు మీద నీళ్ళ లారీ వెళ్తోంది. సందు మొదట్లో కనిపించను కూడా కనిపించలేదు. ఆయన తల ఎత్తి, “ఇవాళ నీళ్ళ లారీ పెందలాడే వచ్చిందే,” అన్నారు.

ఆవిడ టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గజం దూరంలో హారను వినిపించని మనిషికి, కనిపించని లారీ వినిపించింది.

“తప్పు మీ చెవిది కాదు మావయ్యగారూ. నా బండి గొంతుది,” అంది. ఆయనకి వినపడలేదు. ఆవిడ గట్టిగా అనలేదు కూడా.

మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చిన కూతురికి సంగతి చెబితే, “లావుపాటి హారను పెట్టించుకుంటే పోయేదానికి ఇంత ఆలోచనా?” అంది.

“వెనకాల హారను మోగితే తాతయ్య ఉలిక్కిపడతాడే. ఏ పక్కకి దూకుతాడో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. నేను సందు మొదట్లో ఉండగానే ఆయనకి తెలియాలి. తీరిగ్గా గోడ పక్కకి జరగాలి.”

ఆ రోజే బండి తీసుకుని గొట్టాల మేస్త్రి దగ్గరకి వెళ్ళింది. బళ్ళ సైలెన్సర్లు కోసి అతికే మనిషి. అసలు పేరు అందరూ మర్చిపోయారు.

“చప్పుడు గంభీరంగా కావాలి,” అంది.

మేస్త్రి ఆవిడని, బండిని, వెనకున్న గుడ్డల మూటని మార్చి మార్చి చూశాడు. “మీక్కూడానా అక్కా? కాలేజీ కుర్రాళ్ళు రోజూ ఇదే అడుగుతారు. కూర్చోండి, చిటికెలో పని.”

సైలెన్సరు వెనక మూత విప్పి, లోపల చప్పుడుని అణిచే చిన్న గొట్టాన్ని లాగి పక్కన పడేశాడు. స్టార్టు చేశాడు. పక్క కొట్లో నిద్రపోతున్న కుక్క లేచి పారిపోయింది.

“చూశారా!” అన్నాడు గర్వంగా.

ఆవిడకి చూడ్డానికేం లేదు, వినడానికే చాలా ఉంది. రేకు డబ్బాలో మేకులు పోసి ఊపినట్టుంది. అయినా ఇంత గోల వినపడకుండా ఎలా ఉంటుందిలే అనుకుని ఇంటికి తెచ్చింది.

మర్నాడు మామగారిని గేటు ముందు నిలబెట్టింది. వీపు సందు వైపు, మొహం ఎదురింటి వైపు. “వెనక్కి తిరక్కూడదు. నా బండి వినపడగానే చెయ్యెత్తాలి,” అని మిషను పెట్టిన చెవిలో చెప్పి, మిషను తీసేసి, పైకి వెళ్ళి బండి మీద దిగింది.

సందు సగం దాటకముందే ఆయన చెయ్యి లేచింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ లేచింది. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

చుట్టుపక్కల వాళ్ళకి మాత్రం ప్రాణం పోయింది. ఎదురింటావిడ గోడ మీద నుంచి తొంగిచూసి, “ఏమ్మా, బండికి దగ్గు పట్టుకుందా? కషాయం ఏమన్నా పట్టకపోయావా,” అంది. భర్త ఆఫీసు నుంచి వస్తూనే, “ఇదేం చోద్యం? బండి అమ్మెయ్యమంటే దానికి సంగీతం నేర్పిస్తున్నావా?” అని తల పట్టుకున్నాడు.

 ఆవిడ మనసుని వేరే సంగతి తొలుస్తోంది. కర్టెన్ల పనిలో కళ్ళకి ఒక అలవాటు పడుతుంది. వేలెడు తేడా ఉన్నా అవి ఊరుకోవు. మామగారి చెయ్యి లేచిన చోటు ప్రతిసారీ ఒకటే. సందు సగానికి కాస్త ముందున్న కరెంటు స్తంభం దగ్గరికి వచ్చేసరికే లేచింది. బండి నెమ్మదిగా వచ్చినా అక్కడే, జోరుగా వచ్చినా అక్కడే. ఎంత మంచి చెవైనా అంత కొలిచినట్టు వింటుందా?

“ఇంకొక్కసారి నిలబడండి మావయ్యగారూ,” అంది మర్నాడు పొద్దున.

పైకి వెళ్ళి ఇంజను ఆపేసింది. బ్రేకు వదిలింది. వాలు కదా, బండి పిల్లిలా చప్పుడు లేకుండా కిందికి జారింది. ఆ స్తంభం దగ్గరికి వచ్చేసరికి మామగారి చెయ్యి నిటారుగా లేచింది.

ఆవిడ బండి ఆపి, ఆయన పక్కకి వచ్చి నిలబడి, ఆయన చూస్తున్న వైపే చూసింది. ఎదురింటి కిటికీ నల్లటి అద్దం. అందులో ఆ స్తంభం నుంచి ఇటు సందంతా అచ్చుగుద్దినట్టు కనిపిస్తోంది.

“కాపీ కొట్టారా?” అంది.

ఆయనకి ఆ మాట వినపడలేదు గానీ మొహం చదివేశారు. “ఇంజను ఆపి వచ్చావు కదూ,” అన్నారు తలొంచుకుని. “గడుసుదానివమ్మాయ్.”

ఆవిడ ఆయన జేబులోంచి మిషను తీసి చెవికి పెట్టింది. “ఎందుకలా చేశారు? మీకు వినపడుతోందనుకుని నేను ధీమాగా వచ్చేదాన్ని కదా? ఈసారి మోచెయ్యితో పోయేదా?”

“అమ్మేస్తారటగా నీ బండి. మొన్న వాడూ, వాళ్ళక్కా మాట్లాడుకుంటుంటే పెదాలు చూశాను. నా నడక కోసం నీ కాళ్ళు తీసేస్తారా?”

“నా బండి కోసం మీరు అబద్ధం ఆడతారా?”

“ఆడతాను,” అన్నారాయన పెంకిగా. “ఈ వయసులో నన్నెవరు కొడతారు?”

కోపంతో వచ్చిన మనిషికి నవ్వొచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళుతూ, “ఇక నుంచి నిజమే చెప్పాలి. వినపడకపోతే వినపడలేదనాలి. మిగతాది నేను చూసుకుంటాను,” అంది.

చూసుకుంటానని అనేసింది గానీ, ఎలాగో ఆవిడకే తెలియదు. ఆ సాయంత్రం ఒక కొత్త ఇంట్లో కర్టెన్లు వేలాడదీసే పని ఉంది. ఖాళీ గది, నున్నటి గోడలు, నున్నటి నేల. నిచ్చెన మీద నిలబడి, “ఆ కొక్కేలు అందించండి,” అంటే ఆవిడ గొంతే గది నలుమూలలా తగిలి కీచుమని తిరిగొచ్చింది. మందపాటి గుడ్డ, వెనక ఇంకో అస్తరు. ఒక్కో కిటికీ కప్పుకుంటూ వచ్చింది. ఆఖరి కర్టెను దించి, “అయిపోయిందండీ,” అంది.

అనగానే ఆగిపోయింది. అది ఆవిడ గొంతే. కానీ కీచుదనం లేదు. లావుగా, నిండుగా, పక్కన కూర్చుని మాట్లాడినట్టుంది. గుడ్డ మింగింది సన్నటి చప్పుడుని మాత్రమే. లావుది అలాగే ఉండిపోయింది.

ఇన్నేళ్ళ నుంచీ రోజూ వింటున్నదే. బండికి వర్తిస్తుందని తట్టలేదు, అంతే.

మర్నాడు కొట్టు తెరిచేసరికే మేస్త్రి ముందు నిలబడింది. “ఆ లాగేసిన గొట్టం మళ్ళీ పెట్టెయ్యండి. నాకు గోల వద్దు. కీచు పోవాలి, బొంగురు మిగలాలి. దీని లోపల ఒక పరదా కట్టండి.”

“గొట్టంలో పరదా ఏంటక్కా! లోపల నిప్పు.”

“నిప్పుకి కాలని గుడ్డ ఉండదా?”

మేస్త్రి నవ్వుతూ నవ్వుతూ ఆగాడు. మెడ గోక్కున్నాడు. “గుడ్డ కాదు గానీ, గాజు ఊలు ఉంది. చిల్లుల గొట్టానికి చుట్టి పైన పెద్ద పొట్ట ఉన్న డబ్బా తొడిగితే… అవునక్కా, చప్పుడు లావెక్కుతుంది. పెద్దగా రాదు మరి.”

“మొన్ననే చెప్పొచ్చుగా!”

“మీరు గంభీరం అన్నారు. ఆ మాటన్న వాళ్ళెవరూ ఇంతవరకు నెమ్మదైన చప్పుడు పట్టుకెళ్ళలేదు. వీధి వీధంతా వాళ్ళ వైపు తిరిగి చూడాలి. మీకెందుకో అనుకున్నాను, అడగలేదు. నాదే పొరపాటు.”

మామగారి చెవి సంగతి ఆవిడ చెప్పింది. మేస్త్రి ఇంకేం మాట్లాడకుండా రేకు కొలవడం మొదలుపెట్టాడు.

పాతదానికి రెట్టింపు పొట్ట ఉన్న డబ్బా తయారైంది. లోపల చిల్లుల గొట్టం. దాని మీద గాజు ఊలు చుట్టడం దగ్గర పేచీ వచ్చింది. మేస్త్రి హడావిడిగా చుట్టేసి, “అయిందక్కా,” అన్నాడు. ఆవిడ వేలితో నొక్కి చూసింది. ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా ఉంది.

“ఇలా చుడితే పల్చగా ఉన్న చోట కీచు బయటికొస్తుంది. విప్పండి.”

“అబ్బా, లోపలుండేదేగా, ఎవరు చూస్తారు?”

“మా మావయ్యగారి చెవి చూస్తుంది. ఆ చేతి తొడుగులిలా ఇవ్వండి.”

తొడుగులు వేసుకుని తనే చుట్టింది, అస్తరు పరిచినట్టు, ఎక్కడా మడత పడకుండా, అంచు మీదికి అంచు సమంగా వచ్చేలా. సన్నటి తీగతో కట్టింది. మేస్త్రి డబ్బా తొడిగి, అతికి, స్టార్టు చేశాడు.

బండి గొంతు సవరించుకున్నట్టు ఒకసారి ఆగి, నిదానంగా అందుకుంది. గుడ్, గుడ్, గుడ్. పక్క కొట్టు కుక్క ఒక కన్ను తెరిచి మళ్ళీ మూసుకుంది. మేస్త్రి సీటు మీద అరచెయ్యి ఆనించి, “కడుపులోంచి వస్తోందక్కా,” అన్నాడు.

శనివారం మళ్ళీ పరీక్ష. ఈసారి ఎదురింటావిడని బతిమాలి, ఆ నల్లద్దం మీద బయటినుంచి పాత దుప్పటి వేలాడదీసింది. మామగారి పక్కన కాపలాకి కూతుర్ని నిలబెట్టింది.

“కాపీ కొట్టడానికి వీల్లేదు తాతయ్యా, నేను చాలా స్ట్రిక్టు,” అంది కూతురు.

“నీ మొహం చూసి కనిపెట్టేస్తానేమోనని కళ్ళు కూడా మూసుకుంటున్నానే తల్లీ.”

మొదటిసారి ఆవిడ జాగ్రత్తగా, నెమ్మదిగా వచ్చింది. సందులోకి తిరిగీ తిరగగానే, ఇంకా బోలెడు దూరం ఉండగానే, ఆయన చెయ్యి లేచింది. కళ్ళు మూసుకునే ఉన్నారు. “వచ్చేస్తోంది! ఛాతీలో గుబగుబలాడుతోంది,” అని అరిచారు. ఆవిడ కళ్ళు చెమర్చాయి.

“ఇలా కాదు,” అన్నారాయన. “రోజూ ఎలా వస్తావో అలా రా అమ్మాయ్. పరీక్షలో పద్ధతిగా రాయడం అందరూ చేసేదే.”

రోజూ వచ్చినట్టే వచ్చింది. ఆయన కదల్లేదు. బండి పక్కకొచ్చి ఆగినా కళ్ళు తెరవలేదు. ఆవిడ బండి తిప్పుకుని పైకి వెళ్ళింది. మళ్ళీ నెమ్మదిగా వచ్చింది. చెయ్యి లేచింది. మళ్ళీ రోజూలా వచ్చింది. లేవలేదు.

“అమ్మా,” అంది కూతురు, “నెమ్మదిగా వస్తే గుడ్ గుడ్ అంటోంది. నువ్వు రోజూలా వస్తే మళ్ళీ పాత దోమే. యాక్సిలరేటరు మీద చెయ్యి అంతలా తిప్పేస్తే అదేం చేస్తుంది పాపం?”

ఆవిడ ఇంజను ఆపి, బండి మీదే కూర్చుండిపోయింది. గొట్టం తన పని తాను చేసింది. పరదా తన పని తాను చేసింది. మిగిలింది తన చెయ్యి. ఇంత ఇరుకు సందులో, రోజూ, ఎందుకలా తిప్పుతుంది ఆ చెయ్యి?

తెలియనిదేం కాదు. ఆఖరి ఇంట్లో టేపు మడిచి సంచిలో వేసుకుంటున్నప్పుడే మొదలవుతుంది. భర్త ఈపాటికి ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చుని ఉంటాడు. ఏదో ఒకటి పెట్టమని పిల్ల వంటింట్లోకి తొంగిచూస్తుంటుంది. పొయ్యి చల్లగా ఉంటుంది. ఎవరూ తిట్టరు. ఎవరూ తొందరపెట్టరు. ఎవరూ పొయ్యి వెలిగించరు కూడా. మెయిన్ రోడ్డు మీద రద్దీలో పోయిన సమయమంతా ఈ సందులో పూడ్చుకోవాలనుకుంటుంది. కిందటి వారం మామగారి వీపు కనిపించినప్పుడు ఆవిడ ఆలోచిస్తున్నది కూర ఏం చెయ్యాలా అని.

“ఏమైంది అమ్మాయ్?” అన్నారు మామగారు కళ్ళు తెరిచి.

“ఏం లేదు మావయ్యగారూ. దొరికింది,” అంది ఆవిడ.

ఆదివారం ఆడపడుచు వచ్చింది. తండ్రి అరచేతి మీద మానుతున్న గీతని చూసి నిట్టూర్చింది. అందరూ భోజనాలకి కూర్చున్నారు. రెండు ముద్దలు తిన్నాక భర్త గొంతు సవరించుకున్నాడు.

“సరే, అనుకున్న విషయం. అక్కయ్యా, నువ్వే చెప్పు.”

“చెప్పేదేముంది తమ్ముడూ? మరదలి మీద నాకేం కోపం లేదు. కానీ నాన్నకంటే బండి ఎక్కువా?”

“ఎక్కువ కాదు వదినా,” అంది ఆవిడ కూర గిన్నె కింద పెట్టి. “బండి ఉంటుంది. మావయ్యగారి నడకా ఉంటుంది. నిన్న బండి సందు మొదట్లో ఉండగానే ఆయన విన్నారు. కళ్ళు మూసుకుని, పిల్ల ఎదురుగా.”

“కాపీ లేదు,” అంది కూతురు.

“నిజమే చెప్పాను,” అన్నారు మామగారు. ఇవాళ మిషను పెట్టుకునే కూర్చున్నారు.

“అంటే, బాగైపోయినట్టేనా?” అన్నాడు భర్త నమ్మలేనట్టు.

“సగం బాగైంది. నేను నెమ్మదిగా వస్తేనే వినపడుతుంది. అందుకని నెమ్మదిగానే వస్తాను. సందులోకి తిరిగినప్పట్నుంచీ మనిషి నడిచినంత వేగం. పైన రోడ్డు మీద కూడా పరుగులుండవు. ఇంటికి చేరేసరికి ఇప్పటికంటే ఆలస్యమవుతుంది.”

“అయితే అయింది. ఆ మాత్రం ఆలస్యానికి మేమేమన్నా అంటామా?”

“అనరు. పొయ్యి ముట్టించరు, అంతే. రేపట్నుంచి సాయంత్రం వంట మీది.”

భర్త చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. ఆడపడుచు, “వాడా? వాడికి ఉప్పేదో పంచదారేదో తెలీదే!” అంది.

“నాలిక మీద వేసుకుంటే తెలుస్తుంది వదినా.”

“నేను ఆఫీసు నుంచి అలిసిపోయి వస్తానోయ్,” అన్నాడు భర్త.

“నేనూ నిచ్చెన దిగి వస్తానండీ. మీరు మూడు రోజులు చెయ్యండి, మూడు రోజులు పిల్ల చేస్తుంది. ఆదివారం నేను. మీకు కుదరని రోజు కుదరదని నాకు ముందే చెప్పండి, ఆఖరి ఇల్లు మానుకుని వస్తాను. అంతేగానీ వంట కోసం సందులో పరిగెత్తడం ఇక నా వల్ల కాదు. ఆ పరుగే ఆయన్ని పడేసింది. బండి కాదు, ఆయన చెవీ కాదు.”

 భర్త తన తండ్రి అరచేతి వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. “రేపు ఏం కూర?” అన్నాడు, చాలా చిన్న గొంతుతో.

“గట్టిగా చెప్పరా, వినపడలేదు,” అన్నారు మామగారు.

“రేపు సాయంత్రం వంట నేను చేస్తున్నాను నాన్నా!” అని అరిచాడు భర్త.

ఆవిడ తన కంచంలో ఇంకాస్త వడ్డించుకుని, స్థిమితంగా తినడం మొదలుపెట్టింది.